చూలైలో ఊడదీసిన కండెన్సర్ మైకు

నేను రిటైరవడానికి ముందు ఏడాది, తమిళుల ఆడి మాసంలో, నన్ను చూలై అనే పేటకు రికార్డింగుకు పంపారు. అప్పుడు నేను పాత పాటలు భద్రపరిచే ఒక సంస్థలో సీనియర్ రికార్డిస్టును. నాగరత్నమ్మ గారనే పెద్దావిడకు నలుగు పాటలు, అంటే పెళ్లికూతురికి పిండి రాస్తూ పాడేవి, తెలుసు. ఆ వరసలు తెలిసినవాళ్లలో ఆమె ఒక్కరే మిగిలారు. మర్నాడే ఆమెకు గొంతు ఆపరేషన్. మాకున్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

ఆమె ఇంటి గోడకు ఆనుకుని లేత్ వర్క్‌షాపు. నాతో వచ్చిన ప్రోగ్రాం అధికారి ఆర్డరు కాగితంలో కండెన్సర్ మైకు అని రాసుకొచ్చారు. అది ఖరీదైనది, సన్నని చప్పుడును కూడా వదలదు. స్టూడియోలో దానికి సాటి లేదు. ఇలాంటి ఇంట్లో మాత్రం పాటతో పాటు లేత్‌నూ, ఫ్యానునూ, ఆటో హారన్‌నూ అంతే శ్రద్ధగా పట్టుకుంటుంది. డైనమిక్ మైకు కాస్త మొద్దుది. నోటికి జానెడు లోపల పెడితే గొంతును గట్టిగా పట్టుకుని, దూరపు చప్పుళ్లను చాలావరకు వదిలేస్తుంది.

అధికారి వర్క్‌షాపు ఆపించమన్నారు. నాగరత్నమ్మ గారు ఒప్పుకోలేదు.

"నా పాట కోసరం వాళ్ల పని నిలపబాకండి. ఆడ నలుగురు బతకతా ఉండారు. ఆ సద్దులోనే ఇన్నేండ్లు పాడినా, ఈ పొద్దు కొత్తగా ఏమొచ్చె?"

ఒక నిమిషం కండెన్సర్‌తో తీసి అధికారికి హెడ్‌ఫోన్ ఇచ్చాను. విని మొహం చిట్లించారు. అయినా రూలు రూలేనని, చప్పుడు తర్వాత కంప్యూటర్లో తీసేద్దామని అన్నారు. నాకు ఒళ్లు మండింది. లేత్ కీచూ, ఆమె పై స్థాయీ కలిసిపోయాయి, ఒకదాన్ని కోస్తే రెండోదీ తెగుతుంది. ఆ మాటే చెప్పి, కండెన్సర్ వైరు ఊడదీసి పెట్టెలో పెట్టేశాను.

"మీరు ఆర్డరు మీరుతున్నారు," అన్నారాయన.

"అవును సార్. రాసుకోండి," అన్నాను.

నలుగు పాట పాడేటప్పుడు ఆమె చేతులు పిండి రాస్తున్నట్టే కదులుతాయి, వాటితో పాటు తల పక్కకు తిరుగుతుంది. స్టాండు పనికిరాదు. ఎదురుగా నేల మీద కూర్చుని, డైనమిక్ మైకు చేత్తో పట్టుకుని ఆమె నోటి వెంటే తిప్పాను. వేళ్లు జరిగితే ఆ రాపిడి కూడా రికార్డవుతుంది కాబట్టి పట్టు సడలించలేదు. తనకు గుర్తున్న పాటలన్నీ పాడారు.

వారానికి మెమో వచ్చింది, ఆదేశం ధిక్కరించినందుకు సంజాయిషీ ఇమ్మని. రెండు మైకుల రికార్డింగులూ జతచేసి, రెండూ విని, ఏది దాచాలో రాసి సంతకం పెట్టమని ఒక్క వాక్యం రాశాను. క్షమాపణ రాయలేదు.

ఆపరేషన్ తర్వాత నాగరత్నమ్మ గారికి మాట వచ్చింది, పాట రాలేదు. మైకు ఎంచుకునేవాళ్లు దాని ధర కంటే, కాగితం కంటే ముందు ఆ గదిని వినాలి. మెమో నా సర్వీసు రికార్డులో ఇప్పటికీ ఉంది. తీసేయమని నేను అడగలేదు.