పొట్టదా, పొగదా తప్పు?

కాజీపల్లి దిక్కున్న మా భూమి ఫ్యాక్టరీలకు పోయినంక నాకు ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్ల నౌకరి దొరికింది. నాగలి ఎనక నడిచినోణ్ని కుర్చీల కూసోవెట్టిండ్రు. క్యాంటీన్‌ల పొద్దుగాల పూరీలు, నాలుగింటికి మిర్చీలు, అన్నీ డాల్డాలనే. తొంభైలు సగం గడిచేసరికి నాకు మంచి పొట్ట వచ్చింది. ఊర్లె ఇజ్జత్ పెరిగింది. "సేటు లెక్క అయినవ్ కాకా" అనేటోళ్లు.

పొట్ట ఎనకనే ఆయాసం వచ్చింది. వంగి బూట్లు కట్టుకుంటె ఊపిరి ఆడేది కాదు. పండుకుంటె ఛాతిల పిల్లి కూతలు.

"గా ఫ్యాక్టరీ కంపుకే వచ్చింది" అన్నది మా ఇంటామె.

వారానికి రెండుసార్లొచ్చే ఫ్యాక్టరీ డాక్టర్ నా ఛాతి మీద గొట్టం పెట్టకముందే పొట్ట మీద చూపు పెట్టిండు. "నీకు రోగం లేదయ్యా, పూరీలున్నయ్" అన్నడు. ఆ పూరీలు పెట్టేది కంపెనీయే అని నేను అనలే. నౌకరి ఉండాలె కద.

కంపు మీద ఊరోళ్లు మీటింగ్ పెట్టి, ఆయాసం ఉన్నోళ్లు లేసి చెప్పమన్నరు. నేను లేసిన. మీటింగ్‌కు వచ్చిన మా మేనేజర్ నన్ను చూపించి, "గీయన పొట్ట గూడ మా పొగతోనే పెరిగిందా?" అన్నడు. అందరు నవ్విండ్రు. సిగ్గు దాచుకునేటందుకు నేను గూడ నవ్విన. ఆ పూట అన్నం ముట్టలే. నా జిందగీల మొదటి పథ్యం అదే.

తెల్లారి సంగారెడ్డి పోయి ఒక డాక్టరమ్మకు చూపించుకున్న. ఆమె రక్తం పరీక్ష చేయించి, కొవ్వు మస్తుగ ఉందన్నది.

"కొవ్వుకు, ఊపిరికి ఏం సంబంధం మేడం?"

"కొవ్వు గోదాముల బస్తా లెక్క ఊకె పడి ఉండదు. వాపు పుట్టించే పదార్థాలను రక్తంలకు ఇడుస్తది. వాటితోని ఊపిరి గొట్టాలు గూడ వాస్తయ్, ఉబ్బసం ముదురుతది. పైనుంచి పొట్ట బరువు ఊపిరితిత్తులను నిండ తెరుచుకోనియ్యదు."

"అంటె పొగ తప్పేం లేదా?"

"ఎవరన్నరు? వాసిన గొట్టాలకు పొగ తగిల్తె ఇంకింత బిగుసుకుంటయ్. రెండూ ఉన్నయ్."

"జెర గదే కాయితం మీద రాసియ్యుండ్రి."

రాసిచ్చింది. పీల్చే పంపు ఇచ్చి, రోజూ నడవమన్నది.

ఫ్యాక్టరీ డాక్టర్ మొదటి లైను చదివి, "నేను ముందే చెప్పలే, కొవ్వని!" అని కాయితం మడిచిండు. ఊరోళ్లు రెండో లైను చదివి, "పొగ అని డాక్టరే రాసింది!" అని సంబురపడ్డరు. రెండు లైన్లూ చదివింది మా ఇంటామె ఒక్కతే. కిటికీ మూసింది, డాల్డా డబ్బ అటకెక్కించింది.

మేనేజర్‌కు నా మీద దయ కలిగింది. "నడవమన్నరట కద, నడువు" అని గోడ ఎంబడి కాపలా డ్యూటీ ఏసిండు. ఆ గోడ ఎంబడే ఫ్యాక్టరీ మురికినీళ్ల కాలువ. ముక్కుకు తువ్వాల కట్టుకోని వారం నడిచిన. నడిచినకొద్ది పంపు ఎక్కువ పీల్చవలసి వచ్చింది. మళ్ల సంగారెడ్డి పోయి, "మంచి గాలిల నడవాలె" అని ఇంకో లైను రాయించుకొస్తె గని నా కుర్చీ నాకియ్యలే.

ఇగ మా ఇంటామె నన్ను పొద్దుగాల కిష్టారెడ్డిపేట దిక్కు తోలుకపోవుడు షురూ చేసింది. అప్పుడు ఆడ ప్లాట్లకు పాతిన రాళ్లే తప్ప ఇండ్లు లెవ్వు. ఆమె ముందర, నేను ఎనక. ఏడాదికి నా ప్యాంట్లన్నీ టేలర్ దగ్గర నడుం తగ్గించి కుట్టించుకున్న. కూతలు తగ్గినయ్. ఫ్యాక్టరీ గాలి మా దిక్కు తిరిగిన దినం మాత్రం పంపు తప్పలే. చూసినోళ్లు, "ఏమైంది కాకా, బీమారా?" అని పరేషాన్ అయ్యేటోళ్లు. బీమార్ ఉన్నప్పుడు ఒక్కలూ అడగలే.

కొన్నేండ్లకు ఆ రాళ్ల నడుమ అపార్టుమెంట్లు లేసినయ్, లారీల దుమ్ము మొదలైంది.

"ఇగ ఏడ నడుద్దామే?" అని అడిగిన.

"ఇంకా ఎవరూ కొనని దిక్కు" అన్నది, చెప్పులేసుకుంట.