కిటికీ పక్క నేల

మొగుడి సంవత్సరీకానికి ముందురోజు పొద్దున మల్‌సూన్ కిటికీ పక్క నేల మీద అరచేయి పెట్టి చూసింది. కింద వేడినీళ్ళ గొట్టాలున్నా మంచుగడ్డలా ఉంది. సాయంత్రానికి మొగుడి అక్క వస్తుంది. ఆమెవి కీళ్ళనొప్పుల కాళ్ళు, చల్లటి నేల మీద పడుకోలేదు.

బాయిలర్ మేస్త్రీ సోక్‌ము వచ్చి నేలంతా తడిమాడు. ఎదురుగోడ పక్క సగం మాత్రం కాలుతోంది.

"గొట్టాల్లో గాలి పట్టినట్టుంది పెద్దమ్మా. ఎన్నాళ్ళయింది?"

"ఏళ్ళయింది. అక్కడ మా ఆయన పడుకునేవాడు. మేస్త్రీని పిలవవయ్యా పిసినారీ అంటే, నాకు వేడి పడదు పొమ్మనేవాడు."

సోక్‌ము వంటింటి గట్టు కిందికి దూరాడు. వేడినీళ్ళ గొట్టాలకు అక్కడ, గదిలో ఒక్కో సగానికి ఒకటి చొప్పున, రెండు తిప్పుడు బిళ్ళలున్నాయి. కిటికీ వైపుది బిగించి, కదలకుండా గుడ్డపీలికతో కట్టేసి ఉంది. అది మల్‌సూన్ మొగుడి పాత చొక్కా గుడ్డ.

"గాలీ లేదు, గీలీ లేదు. కావాలనే మూశారు. మీ బాయిలర్ చిన్నది, రెండూ తెరిస్తే ఏ పక్కా సరిగ్గా కాగదు."

మల్‌సూన్ నేల వైపు చూసింది. తను పడుకునే చోట, నేలకు అంటించిన పసుపు కాగితం వేడికి గోధుమరంగు తిరిగింది. కిటికీ పక్కన ఇంకా కొత్తదిలాగే ఉంది.

"వేడి పడదట! అబద్ధాలకోరు," అంది.

"విప్పనా పెద్దమ్మా?"

"వద్దు. వదిన నా చోట పడుకుంటుంది. ఆ ముడి ఇంకాస్త బిగించి వెళ్ళు."

అతను వెళ్ళాక ఆమె తన పరుపు కిటికీ పక్కకు లాక్కుంది.