చేతికి నచ్చాలి

లాజరస్ అంకుల్ ఏ వస్తువునూ కంటితో చూసి కొనరు. చేతినడిగి కొంటారు.

అడగడమంటే ఆషామాషీగా కాదు. వస్తువును పట్టుకుని, చెయ్యి బారుగా చాచి, కళ్ళు మూసుకుని, ప్రభువు నేర్పిన ప్రార్థనను మనసులో మొదటినుంచి చివరిదాకా చదువుకుంటారు. ఆమెన్ అనేసరికి చెయ్యి వణక్కుండా, వాలిపోకుండా ఉంటే వస్తువు చేతికి నచ్చినట్టు. లేకపోతే అది తిరిగి అరలోకి పోతుంది. పెనమైనా అంతే, గొడుగైనా అంతే, సొరకాయైనా అంతే.

నేనాయన్ను మొదటిసారి చూసింది పాయింట్ కుక్‌లో మన దేశపు సరుకులమ్మే కొట్లో, సొరకాయ చాచి నిలబడి ఉండగానే. ఆ సన్నటి సందులో ఆయన వెనక ట్రాలీలన్నీ ఆగిపోయాయి. ఎవరో పెద్దావిడ ఇదేదో పూజ అనుకుని చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"అంకుల్, జర జరుగుతరా?" అన్నాను.

ఆయన కళ్ళు తెరవకుండానే ఆగమన్నట్టు వేలు చూపించారు. ఆమెన్ అయ్యాక సొరకాయను తిరిగి అరలో పడేసి, "బరువంతా తోకలోనే ఉందబ్బాయ్. తూకం లేదు" అన్నారు.

"కోసి కూర వండుకునేదానికి తూకమెందుకు అంకుల్?"

"కంటికి నచ్చితే సరిపోద్దా? చేతికి నచ్చాలి!"

నేను సిద్దిపేట నుంచి ఈ దేశానికి చదువుకోవడానికి వచ్చిన కొత్త. పేరు సంజయ్. గది కోసం తిరుగుతున్నానని తెలిసి, తన ఇంట్లో ఖాళీ గది ఉందని తీసుకెళ్ళారు. గుమ్మంలో నాకు చెయ్యి ఇచ్చారు. ఇచ్చి వదల్లేదు. కళ్ళు మూసుకున్నారు. నాకు చెమటలు పట్టాయి. లోపలినుంచి ఆయన భార్య ఏసుమణి ఆంటీ, "భయపడబాకయ్యా, ఇప్పుడే అయిపోద్ది" అని ధైర్యం చెప్పింది.

"ఆమెన్. రేపే వచ్చెయ్" అన్నారు అంకుల్. నన్ను సొరకాయ కన్నా మెరుగైనవాడిగా ఒప్పుకున్న మొదటి మనిషి ఈ దేశంలో ఆయనే.

ఆంటీ చెప్పే పెళ్ళిచూపుల కథ ఇంకా ఘోరం. "బాపట్లలో మా ఇంటికొచ్చారు. కాఫీ ఇస్తే చెయ్యి చాచి కళ్ళు మూసుకున్నారు. కాఫీ బాలేదేమోనని మా నాయన ఇంకో గ్లాసు తెప్పిచ్చాడు. రెండో చేత్తో దాన్నీ పట్టుకున్నారు. రెండూ చల్లారిపోయినియ్."

"మరి మిమ్మల్ని ఎట్ల చూసిన్రు ఆంటీ?"

"నన్ను చూసిందెక్కడ? కళ్ళు మూసుకునే ఉంటిరిగా!"

ఈ జబ్బు ఆయనకు పిస్టల్ క్లబ్బులో ముదిరింది. వారమంతా బడిలో లెక్కల పాఠాలు చెప్పి, శనివారం రాగానే వెరిబీ దాటి పొలాల మధ్య ఉన్న ఆ క్లబ్బుకు పోతారు. గురి గొప్పదేం కాదు. ఎన్నో ఏళ్ళ సభ్యత్వంలో గెలుచుకున్నదల్లా, టీ బాగా పెడతారని తోటివాళ్ళు ముచ్చటపడి ఇచ్చిన ఒక చెక్కపలక. కాని కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి పిస్టల్ ఎంచుకోవాలంటే మాత్రం ఆయన్నే వెంటబెట్టుకెళ్ళేవారు. ఖాళీ పిస్టల్‌ని గోడవైపు ఎత్తిపట్టి, కళ్ళు మూసుకుని, కాసేపాగి తెరిస్తే గొట్టం మీదున్న ముందు గురి గుర్తు, వెనక గురి గుర్తు వాటంతటవే ఒక వరసలో కనిపించాలి. కనిపిస్తే అది ఆ చేతికి పుట్టిన పిస్టల్. లేదంటే జన్మంతా దానితో కుస్తీ పట్టాల్సిందే. అక్కడ ఇది ముమ్మాటికీ సరైన పరీక్షేనట. సొరకాయలదాకా పాకడమే విడ్డూరం.

నేను చేరిన కొన్నాళ్ళకు మేడమీద గదిలోకి హరిప్రియ వచ్చింది. నంద్యాలలో అవ్వ దగ్గర పెరిగి, పద్నాలుగేళ్ళప్పుడు అమ్మానాన్నల దగ్గరికి కాన్‌బెర్రా వచ్చిన పిల్ల. వాళ్ళిల్లు అక్కడే హారిసన్‌లో. ఇక్కడ యూనిలో చివరి సంవత్సరం చదువుతూ, అంకుల్ క్లబ్బులోనే ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. మినపగింజంత సీసపు గుండు, పది మీటర్ల అవతల కాగితం. వచ్చిన మొదటి రాత్రి భోజనాల దగ్గర కంచం అందుకోబోయి, ఎందుకో ఉలిక్కిపడి, "సారీ ఆంటీ, సారీ" అని చెయ్యి మార్చుకుంది. నేను చేపల పులుసు ధ్యాసలో ఉండి పెద్దగా పట్టించుకోలేదు.

హరిప్రియ కోరిక ఒక్కటే. యూనివర్సిటీల పోటీలకు వెళ్ళే జట్టులో ఒక చోటు ఖాళీ ఉంది. సెమిస్టర్ చివర ట్రయల్స్. క్లబ్బు పిస్టల్ పదిమంది చేతులు మారుతుంది కాబట్టి సొంతది కావాలి. ఈ దేశంలో అదేమీ పెనం కొన్నట్టు కాదు. క్లబ్బులో చేరాలి, పాఠాలు వినాలి, పోలీసుల అనుమతి కోసం నెలల తరబడి కాచుకోవాలి, ఇంట్లో ఇనపపెట్టె బిగించుకోవాలి. అవన్నీ ఆ పిల్ల ఓపిగ్గా పూర్తి చేసింది. ఎంచుకున్నాక దానికి మళ్ళీ ఇంకో పర్మిట్, మరికొన్ని వారాలు. అంటే నెలాఖరులోగా ఎంచుకోకపోతే ట్రయల్స్ సంగతి మరిచిపోవాల్సిందే.

కారు నాది కాబట్టి డ్రైవరు ఉద్యోగం నాకు దక్కింది. ముగ్గురం తుపాకుల కొట్టుకు వెళ్ళాం. హరిప్రియ ఇంటర్నెట్‌లో చూసి మనసు పారేసుకున్న ఎర్ర పిడి పిస్టల్‌ని కొట్టాయన ఖాళీ చేసి చూపించి బల్లమీద పెట్టాడు.

"కళ్ళు మూసుకుని పదిహేడో ఎక్కం చదువుకో" అన్నారు అంకుల్.

"ప్రార్థన కదా అంకుల్?"

"నీకు రాదుగా. నిడివి సరిపోద్దిలే."

హరిప్రియ గోడవైపు పిస్టల్ ఎత్తి, కళ్ళు మూసుకుని ఎక్కం పూర్తి చేసింది. కళ్ళు తెరిచి, తల పక్కకు వాల్చి, మెడ సాగదీసి చూసింది. "బాగుంది అంకుల్."

"నీ చేతినడిగావా?"

"అడిగినా. బాగుందనింది."

"మొహమాటానికి అనుంటది. పెట్టెయ్."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. అంకుల్ ఇవేవీ పట్టనట్టు కొట్టాయన్ను ఓ మూలకు తీసుకెళ్ళి గుసగుసలాడారు. ఎలాంటి టీపొడి వాడాలో చెబుతున్నారనుకున్నాను.

రెండోసారి వెళ్తే నల్ల పిడిది వద్దన్నారు. ఆ తర్వాత చెక్క పిడిది, బూడిదరంగుది, పొడుగుది, పొట్టిది అన్నీ వద్దన్నారు. కొట్టాయనకు మేం అలవాటైపోయాం. నాకో కుర్చీ వేసేవాడు. అంకుల్ తనూ ఒకసారి పిస్టల్ పట్టుకుని కళ్ళు మూసుకోగానే టీ కలుపుకోవడానికి లోపలికెళ్ళి, సరిగ్గా ప్రార్థన ముగిసే వేళకు గుమ్మంలోకొచ్చి "ఆమెన్, మేట్" అనేవాడు.

ఇంట్లో పరిస్థితి ఇంకా అన్యాయం. అంకుల్ చెప్పాపెట్టకుండా హరిప్రియ మీదికి బత్తాయిలు విసరడం మొదలుపెట్టారు. మెట్లు దిగుతుంటే ఒకటి, ఫోన్ చూసుకుంటుంటే ఒకటి. ఆ పిల్ల ఉలిక్కిపడుతూనే ఠక్కున పట్టేసుకునేది. "శభాష్" అని వెళ్ళిపోయేవారు. నా మీదికి విసిరినవి నా ముక్కుకు తగిలేవి.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆంటీ గారెలు వేసింది. హరిప్రియ తినబోతుంటే అంకుల్ అడ్డుపడ్డారు.

"ఆగు. గారెను రెండు చేతులతో పట్టుకుని దూరంగా పెట్టు. ఆ చిల్లులోంచి గోడ గడియారం చూడు."

"ఎందుకంకుల్?"

"చూడమ్మా చెబుతా. ఇప్పుడు గడియారం చిల్లులోంచి జారిపోకుండా గారెను మెల్లగా ముఖం దగ్గరికి తీసుకురా."

ఆ పిల్ల గారెను తెచ్చి తెచ్చి కంటికి అద్దంలా ఆనించుకుంది. అంకుల్ గంభీరంగా తల ఊపి, ఆ గారె తీసుకుని తినేశారు.

"టైమెంతయిందో మామూలుగా చూస్తే కాదా?" అంది ఆంటీ. "ముందు మీ సంగతి చూసుకోండి. చొక్కా నిండా పప్పే!"

అవును, అది ఇంకో కొత్త వేషం. కొన్ని వారాలుగా ఆయన ఎడమచేత్తో అన్నం తింటున్నారు. కలపడం రాదు, ముద్ద నిలవదు. పప్పు చొక్కా మీద, పెరుగు మీసాల మీద. ఇదేంటంటే, "కుడిచెయ్యి గురిపెట్టే చెయ్యి కదా, రెస్ట్ ఇస్తన్నా" అనేవారు. గురే లేని చేతికి రెస్టెందుకని నేను లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి.

నెలాఖరు ముంచుకొచ్చింది. హరిప్రియకు ఇక ఓపిక చచ్చిపోయింది. "అంకుల్, నేను టీమ్‌లోకి పోయేది మీకిష్టం లేకుంటే స్ట్రెయిట్‌గా చెప్పండి. ఈ ఇయర్ పోతే నాకింక ఛాన్స్ యాడుంది? బత్తాయిలు, గారెలు... నేనేమన్నా సర్కస్‌లో చేరినానా?" అంటూ ఏడ్చేసింది.

ఆంటీ అంకుల్ వైపు కొరకొరా చూసింది. నాకూ కోపమొచ్చింది. ఆడపిల్ల ఏడుస్తుంటే ఈయన ఫోన్ చూసుకుంటున్నారు! ఫోన్ జేబులో పెట్టుకుని, "కారు తియ్యి సంజయ్. వచ్చేసిందంట" అన్నారు. ఏది వచ్చిందో చెప్పలేదు.

కొట్టాయన మమ్మల్ని చూడగానే లోపలినుంచి ఒక పెట్టె తెచ్చి తెరిచాడు. మామూలు బూడిదరంగు పిస్టల్. చెక్క పిడి. హరిప్రియ ముక్కు ఎగబీల్చి చేతిలోకి తీసుకుంది. వేళ్ళు ఎక్కడా ఇమడలేదు. బొటనవేలికి చోటు ఉండాల్సినచోట ఉబ్బు, ఉబ్బు ఉండాల్సినచోట గుంట.

"ఇది తప్పుగా చేసినారంకుల్."

"రెండో చేతినడుగమ్మా" అన్నారు అంకుల్, చాలా మెల్లగా.

హరిప్రియ తన ఎడమచేతి వైపు చూసుకుంది. "నాకు చిన్నప్పుడు ఉండె అంకుల్ అది. ఎడంచేతి వాటం. మా అవ్వ ఆ చేతిని నడుముకు కట్టేసి అన్నం పెట్టేది. ఇస్కూల్లో స్కేలుతో కొట్టినారు. అంతా పోయింది" అంది, మశూచి తగ్గిన సంగతి చెప్పినట్టు.

"యాడికీ పోలేదమ్మా. బత్తాయిలన్నీ ఏ చేత్తో పట్టావు? గారె ఏ కంటికి పెట్టుకున్నావు? కుడిచేత్తో పిస్టల్ పట్టుకుని ఎడమ కంటితో చూడబోయి మెడ విరగదీసుకుంటన్నావు. అడుగు, ఏమంటదో."

ఆ పిల్ల పిస్టల్‌ను ఎడమచేతికి మార్చుకుంది. వేళ్ళన్నీ ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు వాటి చోట్లోకి వెళ్ళి కూర్చున్నాయి. గోడవైపు ఎత్తింది. కళ్ళు మూసుకుంది. పదిహేడో ఎక్కం నాకు తెలియకుండానే నేనూ చదివాను. కళ్ళు తెరిచింది. మెడ వాల్చలేదు, సాగదీయలేదు.

"స్ట్రెయిట్‌గా ఉంది అంకుల్!" అని అరిచింది.

"ఆమెన్!" అన్నాడు కొట్టాయన, టీ కప్పు ఎత్తి. తర్వాత నాతో ఇంగ్లీషులో చెప్పాడు, ఎడమచేతి పిడివి ఇక్కడ నిల్వ ఉండవట. మేం మొదటిసారి వచ్చిన రోజే మూలకు తీసుకెళ్ళి అంకుల్ దీన్ని ఆర్డరు ఇచ్చారట. మిగతా పిస్టళ్ళ పరీక్షలన్నీ ఇది వచ్చేదాకా కాలక్షేపమన్నమాట!

కారులో అడిగేశాను. "ముందే చెప్పొచ్చు కదా అంకుల్? పిల్లను గంత ఏడ్పించుడెందుకు?"

"చెబితే 'అది పోయిందంకుల్' అనేది, ఇందాక అన్నట్టే. చెయ్యే చెప్పాల. మనం చెబితే ఇంకో స్కేలు దెబ్బే అయిద్ది" అన్నారు. వెనక సీటు వైపు ఓరగా చూసి, "ఏడుస్తదనుకోలేదురా. ఆ ఒక్కటీ నా లెక్క తప్పు" అన్నారు. వెనక సీట్లో హరిప్రియ కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వింది.

పర్మిట్ వచ్చేదాకా ఆ పిడిని మాత్రం క్లబ్బు పిస్టల్‌కు బిగించుకుని సాధన చేసింది. మొదట్లో గుళ్ళు కాగితం అంచుల్లో తిరిగాయి. అంకుల్ వెనక నిలబడి టీ తాగుతూ, "కంగారుపడబాక. ఇన్నేళ్ళ తర్వాత మాట్లాడతంది, కాస్త నత్తి ఉంటది" అనేవారు. ట్రయల్స్ నాటికి నత్తి పోయింది. జట్టులో ఆ ఖాళీ చోటు హరిప్రియకే దక్కింది.

ఆ సాయంత్రం ఆంటీ మళ్ళీ గారెలు వేసి, కోడికూర వండింది. అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. హరిప్రియ కంచం అందుకుంది, ఎడమచేత్తో. ఉలిక్కిపడలేదు, సారీ చెప్పలేదు. ముద్ద కలుపుకుని తినడం మొదలుపెట్టింది.

అంకుల్ అది ఓరగా చూశారు. తన ఎడమచెయ్యి కడుక్కుని, తుడుచుకుని, ఎన్నో వారాల తర్వాత కుడిచేత్తో అన్నం కలిపారు. ఆకలిమీదున్న మనిషిలా గబగబా నాలుగు ముద్దలు తినేశారు. ఒక్క మెతుకు కింద పడలేదు.

"అమ్మయ్య, చొక్కాలు బతికినియ్! మీ చేతికి రెస్ట్ అయిపోయిందా?" అంది ఆంటీ.

"ఆ, ఇక అక్కర్లేదులే" అన్నారు అంకుల్, కోడికాలు వెతుక్కుంటూ.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వచ్చిన మొదటి రాత్రి ఈ పిల్ల చెప్పిన సారీ అప్పుడు గుర్తొచ్చింది. బల్ల దగ్గర ఎడమచేత్తో తినే మనిషి ఒకరు ముందే ఉంటే, రెండోవాళ్ళకు సిగ్గుండదు. అందుకని ఈ పెద్దమనిషి అన్ని వారాలు పప్పు ఒంటిమీద పోసుకున్నారు! హరిప్రియ కూడా నాలాగే ఆయన చెయ్యి వైపు చూస్తోంది. నాకన్నా ముందే ఆమెకు అర్థమైనట్టుంది, కళ్ళు తుడుచుకుంటోంది.

పళ్ళెంలోంచి ఒక గారె తీసి, ఎడమచేత్తోనే ఆయనకు అందించింది.

అంకుల్ దాన్ని అందుకుని, చెయ్యి బారుగా చాచి, కళ్ళు మూసుకున్నారు. కూర చల్లారిపోతోంది. ఆంటీ నెత్తి కొట్టుకుంది. మేమందరం కంచాల ముందు బుద్ధిగా కూర్చుని కాచుకున్నాం.

"ఆమెన్" అన్నారు చివరికి. "నచ్చింది. ఇంకోటి ఇటు పడెయ్."

హరిప్రియ నిజంగానే విసిరింది. అది నా ముక్కుకు తగిలింది.