బాగుపడిన పదిహేడో నంబరు ఎలుక

ఈ రోజు పొద్దున మా ల్యాబులో పదిహేడో నంబరు ఎలుకను చంపారు. పంజరాలు కడిగేది నేనే కాబట్టి, పట్టి ఇచ్చిందీ నేనే. పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగా ఊరని జాతి అది. పాదాలు సున్నం కొట్టినట్టు ఉండేవి. దాని తోబుట్టువు ఎముకలోని మూలుగ ఎక్కించాక రక్తం ఊరింది, పాదాలు గులాబీ రంగుకు తిరిగాయి. ఎలా ఊరిందో చూడాలంటే ఎముక కోయాల్సిందే. బాగుపడినందుకే చచ్చింది.

మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో మా పక్క క్వార్టర్ మరియమ్మ కూతురిదీ అలాంటి రోగమే. నెలనెలా రక్తం ఎక్కించాలి. నేనెప్పుడో ఈ వైద్యం సంగతి నోరు జారితే, ఆ ఎలుక కోసం చర్చిలో ప్రార్థన చీటీ వేసింది.

సాయంత్రం నేను సైకిల్ దిగకముందే అడిగింది.

"అన్నియ్యా, మన ఎలకకి ఎలాగున్నాది?"

"కాళ్లు ఎర్రగైనాయమ్మా."

"దేవుడికి స్తోత్రం! ఇప్పుడేటి సేస్తన్నాది?"

"పడుకున్నాది."

ఆదివారం పాపను ఎత్తుకుని, చర్చిలో అందరి ముందూ ఆ ఎలుక గురించి సాక్ష్యం చెబుతుందట. కళ్లారా చూసినవాణ్ణి కాబట్టి నన్నూ పక్కన నిలబడమంది.

మీరైతే వెళతారా?