తిన్నవి: మూడు

ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవాళ్ళు: వడ్లగింజ కొరికి తేమ చెప్పగలిగినవాళ్ళు, చెప్పలేనివాళ్ళు. మొదటి రకంలో మా నాన్న, ఆయన పక్కన నేను. మిగతా ప్రపంచమంతా రెండో రకం. ఆ రెండో రకానికి పెద్ద, మిల్లులో బల్లమీద కూర్చుని ఎర్ర అంకెలు చూపించే తేమ మిషను. ఇప్పుడు తల్చుకుంటే ఆ పొగరుకి నవ్వొస్తుంది గానీ, ఇరవై రెండేళ్ళ వయసులో డిగ్రీ కాగితమూ పొగరూ తప్ప నా దగ్గర ఇంకేం ఉండేవి చెప్పండి!

మాది కర్ణాటకలో, బళ్ళారి జిల్లా సిరుగుప్ప పక్కన ఒక క్యాంపు. మా తాత కోస్తా నుంచి కాలువ నీళ్ళ కోసం వచ్చి ఇక్కడ వరి పెట్టాడు (క్యాంపంటే డేరాలనుకునేరు, డాబాలే ఉన్నాయి, పేరు మాత్రం మారలేదు). మా ఇళ్ళల్లో పిల్లలకి పళ్ళు రాగానే చేసే మొదటి పని వడ్లు కొరకడం. రాశి దగ్గర నాన్న తనో గింజ పంటికింద పెట్టుకుని నాకో గింజ ఇచ్చేవాడు. టక్కున విరిగితే ఆరినట్టు, మెత్తగా నలిగితే ఇంకో ఎండ పడాలన్నట్టు. "ఎంతమ్మాయ్?" అనేవాడు. "పద్నాలుగు నాన్నా" అనేదాన్ని, అంటే నూటికి పద్నాలుగు పాళ్ళు తేమ అని. "అంతే! నా బంగారుతల్లి!" అనేవాడు. మేమిద్దరం ఏకగ్రీవంగా తీర్మానించిన ఆ పద్నాలుగుని మిల్లులో మిషను మాత్రం ప్రతి ఏడూ పదిహేడు అనేది. తేమ ఎక్కువ, పో, ఆరబెట్టుకు రా అని ట్రాక్టరు వెనక్కి పంపేవాళ్ళు. దారంతా నాన్న ఆ మిషన్ని, దాన్ని చేసినవాణ్ణి, వాడికి చదువు చెప్పినవాణ్ణి కూడా వదిలేవాడు కాదు. ఒకసారి మాత్రం తిట్టడం ఆపి, ట్రాక్టరు ఇంజను చప్పుడులో మెల్లగా అన్నాడు: "ఆ మిషను వెనకాల మనోళ్ళు ఒక్కరుంటే చాలమ్మాయ్, ఇంత అన్యాయం జరగదు."

అదిగో, ఆ మాట పట్టుకుని నేను ఆహార పదార్థాల టెక్నాలజీ అనే చదువు చదివాను. బళ్ళారి శివార్లలో బియ్యం శుద్ధి చేసి దేశమంతా పంపే ఒక కంపెనీలో, నాణ్యత చూసే ల్యాబులో ట్రైనీగా సెలెక్టయ్యాను. ఇరవై ఒక్క రోజుల ఇండక్షన్ ట్రైనింగు. చివర పరీక్ష. పాసైతే ల్యాబులో కుర్చీ. మధ్యలో మూడు వార్నింగు లెటర్లు వస్తే పరీక్ష దాకా కూడా అక్కర్లేదు, పెట్టె సర్దుకోవడమే. చేరడానికి సిరుగుప్ప నుంచి బస్సెక్కాను. దారిలో మోక అనే ఊరు దాటుతుండగా కిటికీ ఊచ పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను: ఆ కుర్చీ దక్కేదాకా మోక దాటి ఇటు అడుగు పెట్టను.

ఒట్టంటే ఒట్టే. మొదటి ఆదివారం నాన్న మాగాయ సీసా తెచ్చిస్తానంటే, ఆయన్ని మోక బస్టాపుకి రమ్మని నేనూ అక్కడిదాకా వెళ్ళాను. ఇద్దరం బల్లమీద కూర్చున్నాం. ఇంటికి పోయే బస్సు మా ముందే ఆగింది. "ఇక్కడిదాకా వచ్చి ఇంటికి రావటే?" అన్నాడు. "ఒట్టు నాన్నా." "ఎవరు పెట్టుకోమన్నారే?" "ఎవరూ అన్లేదు. అందుకే తప్పకూడదు." నాన్న ఆ బస్సువంకా నావంకా చూసి, "ఎవరి పోలికో ఏమో ఈ మొండితనం" అని నిట్టూర్చాడు. (ఎవరి పోలికో మా క్యాంపులో కుక్కనడిగినా చెబుతుంది.)

ఇక ట్రైనింగు సంగతి. బళ్ళారి ఎండలో కోటు వేసుకోమన్నారు. కరచాలనం ఎలా చేయాలో ఒక పూట, కుర్చీలో ఎలా కూర్చోవాలో ఒక పూట నేర్పించారు. మా ట్రైనర్ బెంగళూరు ఆయన. ప్రతి వాక్యమూ 'ఎస్.ఓ.పి. ప్రకారం' అని మొదలుపెట్టేవాడు, అంటే కంపెనీ రాసిపెట్టిన పద్ధతి ప్రకారం అని. రెండో రోజుకే ఆయనకి ఎస్.ఓ.పి. సార్ అని పేరు ఖాయమైపోయింది. ఆ పేరు పెట్టింది కంపెనీ హాస్టల్లో నా రూమ్మేటు. వాళ్ళది కౌల్ బజార్‌లో తరాలుగా పప్పుల కొట్టు. అందుకని ఆ పిల్లని అందరూ కౌల్ బజార్ అనే పిలిచేవాళ్ళం. మొదటిరోజు ఒక్కొక్కరూ లేచి తమ గురించి ఒక విశేషం చెప్పమన్నారు. కౌల్ బజార్ లేచి, కళ్ళు మూసుకుని వాసనతో నాలుగు రకాల పప్పులు చెప్పగలనంది. చప్పట్లు కొట్టారు. నేను లేచి, గింజ కొరికి తేమ చెబుతానన్నాను. నవ్వారు! ఎస్.ఓ.పి. సార్ నవ్వలేదు. "ఇల్లి మిషన్ మాతాడుత్తె అమ్మా" అన్నాడు. ఇక్కడ మాట్లాడేది మిషనే, నోరు కాదని. ల్యాబులో నోట్లో ఏమీ పెట్టకూడదు, అది మొదటి రూలని బోర్డు మీద రాసి రెండు గీతలు కూడా కొట్టాడు. చూపిస్తా ఉండండి, అనుకున్నాను.

చూపించాల్సిన అవసరం నాకు రాలేదు, నా చెయ్యే చూపించింది. నాలుగో రోజు ల్యాబులో వడ్ల ట్రే చుట్టూ నిలబెట్టి ఏదో చెబుతున్నాడు. నేను బుద్ధిగా వింటున్నాను. నా రెండు వేళ్ళు మాత్రం నన్నడక్కుండా ట్రేలోకి వెళ్ళి, అటునుంచి నోటికి వెళ్ళాయి. టక్. ఆ చప్పుడు ఇంకెవరికీ తెలిసేది కాదు గానీ, సరిగ్గా అప్పుడే ఆయన ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగాడు. "ఏనమ్మా, ఏను తింతా ఇద్దీరా?" ఏం తింటున్నారని. "ఏమీ లేదు సార్" అని ఊకతో సహా మింగాను. ఊక గొంతులో అడ్డం పడి, నా అబద్ధం మీద నేనే అయిదు నిమిషాలు దగ్గాను. మొదటి లెటరు.

"ఏందిమే నువ్వు! మా కొట్టుకాడ ఎలకలు గూడా ఇట్ల బహిరంగంగా తినవు" అంది కౌల్ బజార్ సాయంత్రం. "చేతులు యాడ పెట్టుకుంటాండావో చూస్కో. ఇంకొక్కటొస్తే పరేషానైతావు." నాకు ఏడుపొచ్చింది. కావాలని చేస్తే మానేయొచ్చు. నాకు తెలియకుండా జరిగేదాన్ని ఎలా మానేది? ఆ పిల్లే ఉపాయం చెప్పింది: "మాస్కు కట్టుకో, సుమ్నె గమ్మునుండు." కట్టుకున్నాను. ఆరు రోజులు దివ్యంగా గడిచాయి (గింజ తీసుకెళ్ళి మాస్కు మీద రుద్దుకుని, అరెరే అనుకుని ట్రేలో వేసేదాన్ని, అంతే). పదకొండో రోజు నీళ్ళు తాగడానికి మాస్కు గడ్డం కిందికి లాగి, తిరిగి లోపలికొచ్చి పైకి జరపడం మరిచిపోయాను. "బాయి తెగీరి" అన్నాడు ఎస్.ఓ.పి. సార్ నా ముందు నిలబడి. నోరు తెరిచాను. నాలుక మీద సగం గింజ. రెండో లెటరు.

ఆ రాత్రి నించీ వేళ్ళకి వేపాకు నూరి రాసుకున్నాను. కుడి చేతిని జేబులో పెట్టి ఎడం చేత్తో పని చేయడం నేర్చుకున్నాను. పోవడానికి వీల్లేదు, అంతే! పెట్టె సర్దుకుని పోతే మోక బస్టాపులో దిగి అక్కడే ఉండిపోవాలి, ఒట్టు ప్రకారం. అంతకన్నా, నాన్నకేం చెప్పను? మిషను వెనకాల నిలబడతానని పోయి, మిషను ముందున్న వడ్లు తిని దొరికిపోయాను నాన్నా అనా?

పరీక్ష రోజు వచ్చింది. ఒక్కొక్కరికీ ఒక చిన్న పాకెట్టు. అందులో లెక్కపెట్టి కట్టిన నూరు వడ్లగింజలు. వాటిని నాలుగు గిన్నెల్లోకి వేరుచేసి రాయాలి: మంచివి, తాలువి, రంగు మారినవి, వేరే రకంవి. అరగంట టైము. నాకు ఇది వెన్నతో పెట్టిన విద్య. పదిహేను నిమిషాల్లో ముగించి, దర్జాగా లెక్కపెట్టాను. మంచివి ఎనభై ఒకటి, తాలు ఆరు, రంగు మారినవి ఆరు, వేరే రకం నాలుగు. కూడాను. తొంభై ఏడు.

మళ్ళీ లెక్కపెట్టాను. తొంభై ఏడు. గిన్నెల కింద చూశాను, పాకెట్టు తిరగేసి దులిపాను, కోటు జేబులు వెతికాను, బల్ల కిందికి దూరి టైల్సు సందుల్లో చూశాను. మూడు గింజలు మాయం. బల్ల కింద ఉండగానే నా నాలుకకి వెనకపన్ను సందులో ఏదో గరుగ్గా తగిలింది. ఊక! అయ్యో నా ఖర్మా! మూడూ తిన్నాను. ఎప్పుడు తిన్నానో కూడా తెలీదు.

పక్క బల్లమీద కౌల్ బజార్ నా మొహం చూసి సంగతి కనిపెట్టేసింది. "ఆ మూల బస్తా ఉండాది, జల్దీ మూడు తెచ్చి కలుపు. ఎవురు చూస్తార్మే!" అని గొణిగింది. నిజమే. మూడడుగుల దూరంలో నోరు తెరిచిన బస్తా. సార్ కిటికీ దగ్గర ఫోన్లో ఉన్నాడు. లేచాను. బస్తా దాకా వెళ్ళాను. చెయ్యి కూడా పెట్టాను. అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. 'మిషను వెనకాల మనోళ్ళు ఒక్కరుంటే చాలు.' వెనకాల ఉన్నవాళ్ళు బస్తాలోంచి తెచ్చి కలిపేవాళ్ళయితే, మనోళ్ళయితేనేం, మందివాళ్ళయితేనేం? చెయ్యి దులుపుకుని వచ్చి కూర్చున్నాను. ఏడుపూ రోషమూ కలిసి వస్తున్నాయి. పోతే పోయిందనుకుని, స్కేలు పెట్టి నాలుగు గడుల కింద అయిదో గడి గీసి రాశాను: 'తిన్నవి: మూడు. మూడూ మంచివే. తేమ పద్నాలుగు.' (ఉద్యోగం పోతున్నా తేమ చెప్పడం మానలేదు చూశారా!)

ఎస్.ఓ.పి. సార్ ఆ కాగితం చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. అందర్నీ బయటికి పంపి నన్ను నిలబెట్టాడు. "మూడూ మంచివేనని ఎలా తెలుసు?" "తాలుగింజయితే పంటికింద బియ్యం తగలదు సార్. మిగతావి తెలియకుండా తినను సార్." "తెలియకుండానే కదమ్మా తిన్నారు!" ఆయన జవాబుల కాగితం తీశాడు. మంచివి ఎనభై నాలుగు! గెలిచినంత సంబరపడ్డాను. అప్పుడాయన నా పాకెట్టు కట్టిన బస్తాలోంచే వడ్లు తీసుకెళ్ళి మిషన్లో పోశాడు. ఎర్ర అంకెలు తిరిగి తిరిగి ఆగాయి. పదిహేడు.

అదే పద్నాలుగు, అదే పదిహేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మిషను తప్పు సార్" అన్నాను. ఆయన కోప్పడలేదు. ఇంకో మిషన్లో పోశాడు. పదిహేడే. ఓవెన్లో ఎండబెట్టి, ముందూ వెనకా తూచి చూసే పరీక్ష ఉంటుంది, అది చేయండి సార్ అన్నాను. పాపం, నాకోసం అదీ పెట్టించి, మర్నాడు నా చేతే తూకం వేయించాడు. ఎన్నిసార్లు వేసినా పదిహేడే. తక్కెడ ముందు నిలబడి, ఆ మిషను అన్నేళ్ళూ మాతో నిజమే చెప్పిందా అనుకుంటే, పరీక్ష పోతే వేసేదానికన్నా ఎక్కువ దిగులేసింది.

"తేమలో మీకు సున్నా" అన్నాడు ఎస్.ఓ.పి. సార్. "ఆ మూడూ దాచుంటే మూడో లెటరు ఇచ్చేవాణ్ణి. మీరే రాశారు కాబట్టి పుస్తకంలోకి ఎక్కుతుంది, అంతే. కుర్చీ మీదే." పద్ధతి తప్పి ఏం జరిగినా రాసిపెట్టే పుస్తకం ఒకటి ల్యాబులో ఉంటుంది. చేసిన తప్పు రాసిపెట్టినవాళ్ళని ఉంచుకుంటాం, దాచినవాళ్ళని పంపిస్తాం అని ఆయన మొదటిరోజే చెప్పాడట. నేను వినలేదు. అప్పుడూ ఏదో నములుతూ ఉండి ఉంటాను.

ఆ శనివారం మోక దాటాను. బస్సు దాటుతుంటే లేచి నిలబడ్డాను కూడా, కండక్టరు "యాకమ్మా, ఇళీతీరా?" ఏమ్మా, దిగుతారా అని అడిగాడు. ఇంటికెళ్ళి నాన్నకి కుర్చీ సంగతి చెప్పాను. గంతేశాడు. తర్వాత పదిహేడు సంగతి చెప్పాను. గంతేసినవాడు మంచమ్మీద కూలబడ్డాడు. "అయితే ఇన్నేళ్ళూ దాన్ని తిట్టినవన్నీ...?" "వెనక్కి తీసుకో నాన్నా." లేచి గాదె దగ్గరికెళ్ళి ఓ గింజ కొరుక్కుని వచ్చాడు. "తీసుకోను. ఒక్క ఏడన్నా అది తప్పు చెప్పే ఉంటుంది" అన్నాడు. ఆ ఏడు నుంచీ మాత్రం, పద్నాలుగు అనిపించాక కూడా ఇంకో రెండెండలు ఆరబెట్టి గానీ ట్రాక్టరు కట్టలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే, మా అమ్మాయి మిషను వెనకాల ఉంది, దానికి చెడ్డపేరు రాకూడదని చెప్పేవాడట.

ఇప్పుడు కొత్త పిల్లలకి ట్రైనింగు నేనే ఇస్తున్నాను. బోర్డు మీద ఆ మొదటి రూలు రాసి రెండు గీతలూ కొడతాను. పరీక్ష పాకెట్లు కూడా నేనే లెక్కపెట్టి కడతాను. మొన్న ఒక పాకెట్టు ఎన్నిసార్లు లెక్కపెట్టినా తొంభై తొమ్మిదే వచ్చింది. గిన్నె కింద చూశాను, జేబులు చూశాను, ఈ వయసులో బల్ల కిందికి కూడా దూరాను. ఆ తర్వాత నాలుకతో వెనకపన్ను తడిమి చూసుకున్నాను. చుట్టూ ఎవరూ లేరు, బస్తా అక్కడే ఉంది. పుస్తకం తెరిచి, 'పేరు' అన్న గడిలో నా పేరు రాసి, కింద ఇలా రాశాను: 'తిన్నది: ఒకటి. మంచిదే. తేమ మిషను చెబుతుంది.'