సమ్మెలో ఉండి నడిచొచ్చిన మేడం

మొన్న బుధవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, "మేడం పోయిందే బిడ్డా" అంది. ఏ మేడమని నేనడగలేదు. మా ఇంట్లో ఆ పిలుపు ఒక్కరిదే. ఆవిడ గృహహింస కేసులు చూసే ప్రభుత్వ రక్షణాధికారి. రిటైరయ్యాక కూడా మలక్‌పేటలోనే ఉండేవారు.

ఆవిడను మొదటిసారి చూసినప్పుడు నేను ఐదో తరగతి. అమ్మ చెయ్యి వాచి ఉంది. అమ్మ చెప్పిందంతా రాసుకున్నాక మేడం కుర్చీ నావైపు జరుపుకుని, "నువ్వేం జూసినవ్ బిడ్డా?" అని అడిగారు. కొట్టేముందు నాన్న టీవీ సౌండ్ పెంచుతాడని చెప్పాను. ఆ మాటను ఉన్నదున్నట్టు నివేదికలో రాసి, చదివి వినిపించి, "సరిగ్గ రాసిన్నా?" అన్నారు. నన్ను ఒక పెద్దమనిషి అట్లా అడగడం అదే మొదలు.

చుట్టాలు రాజీ అంటూ వెళితే, "సర్దుకపొమ్మని చెప్పనీకి సర్కారు నాకు జీతమిస్తలేదు" అనేవారట.

మమ్మల్ని ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కొన్నాళ్లకే తెలంగాణ కోసం ఉద్యోగుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. ఇదే అదనుగా నాన్న ఒక మధ్యాహ్నం మమ్మల్ని బయటికి నెట్టి తాళం వేశాడు. అమ్మ పక్కింటి ఫోన్ నుంచి మేడంకు చెప్పింది.

ఆటో కూడా దొరకని ఆ రోజు మలక్‌పేట నుంచి ఎల్బీనగర్‌లో మా ఇంటిదాకా నడిచొచ్చారు మేడం. వెంట స్టేషన్ నుంచి ఒక మహిళా కానిస్టేబుల్. నాన్న నవ్వాడు.

"సమ్మెల ఉండి డ్యూటీ ఎట్ల జేస్తున్నవ్ మేడం?"

"నా సమ్మె సర్కారుతోని. గీ బిడ్డతోని గాదు. తాళం తియ్యి."

"ఇల్లు నాది."

"నీదే. ఆమెను ఇంట్లనే ఉండనియ్యుమన్నది కోర్టు. తియ్యకుంటే ఈ కానిస్టేబుల్‌తోని స్టేషన్‌కు నడు."

నాన్న కానిస్టేబుల్ వైపు చూశాడు. తాళం తీశాడు.

తర్వాత కోర్టు నాన్ననే ఆ ఇంటికి రావద్దంది. అమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో చేరింది. మళ్లీ ఎవరూ ఆమె మీద చెయ్యెత్తలేదు.

మేడం అనగానే నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ సాయంత్రమే. చాయ్ పెట్టబోయిన అమ్మతో "నువ్వు కూసో" అని ఆవిడే వంటింట్లోకి వెళ్లారు. మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. చెమటకు తడిసిన జాకెట్‌తో, పొయ్యి ముందు నిలబడి, "జై తెలంగాణ" అని వాళ్లతో మెల్లగా గొంతు కలుపుతూ, మేడం మా స్టీలు గ్లాసుల్లోకి చాయ్ వడపోస్తున్నారు.