పగిలింది ఇంట్లో ఉండగూడదు

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మా మేనమామకు ఒకటే మాట: “పగిలింది ఇంట్లో ఉండగూడదప్పా.” విగ్రహమొక్కటే కాదు, టీ గ్లాసు అంచు చిట్లినా ఆ పూటే పారేసేవాడు.

అత్త పోయిన కొన్నాళ్లకు నంద్యాలలో మా ఇంటికి ఒక హార్డ్ డిస్క్ తెచ్చాడు. అత్త విగ్రహాలను నునుపు చేస్తూ పాడుకునేది. ఆ వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

“దీంట్లో ఉండేదంతా ఇంకోదాంట్లోకి ఎక్కించప్పా,” అన్నాడు.

కొత్త డిస్క్ తగిలించి కాపీ చేయడం మొదలుపెట్టాను. పాతది కాసేపు టిక్కుటిక్కుమని ఆగిపోయింది. తీసి మళ్లీ పెడితే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టనే లేదు. హైదరాబాదులో బాగుచేసేవాళ్లకు పంపితే, లోపల వీడియోలుండే పళ్లెం గీసుకుపోయింది, ఇక ఏమీ రాదని తిప్పి పంపారు.

ఆ సంగతి చెప్పిన రోజు మామ డిస్క్‌ను చెవికి ఆనించుకుని చాలాసేపు కూర్చున్నాడు.

“ఏమీ పలకడంల్యా,” అన్నాడు.

“నేను పారేస్తాలే మామా,” అని చెయ్యి చాపాను.

ఆయన దాన్ని భుజం మీది తువ్వాలులో మెల్లగా చుట్టుకున్నాడు.

“వద్దులేప్పా. ఇంటికి తీస్కపోతా.”